రెండున్నర అడుగుల కింద తెల్ల ఇసుక: సముద్రం ఒడ్డున గుంత తవ్వే ముందు మట్టి పొరలు చూడండి



పై వీడియో మర్రిగూడలో తీసింది కాదు. ఎప్పుడూ బత్తాయి తోటలోనో, జీవామృతం డ్రమ్ముల దగ్గరో నిలబడి మాట్లాడే నేను ఈసారి దివిసీమలో, నాగాయలంక వైపు ఒక వరి పొలంలో, నడుం లోతు గుంతలో దిగి కనిపిస్తా. "చెలకలోడికి సముద్రం కాడ ఏం పనిరా?" అని మా నాయిన కూడా అడిగిండు. పని ఉంది. ముందు నేను చేసిన తప్పు చెప్పాలె, తర్వాత ఆ పని సంగతి.

మన దిక్కు నీళ్ల కష్టం మీకు తెలిసిందే. పైన ఎర్ర చెలక, కింద గ్రానైట్ రాయి. ఆ రాయిలోని ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగి మర్రిగూడ మండలంలో ఎన్ని ఇండ్లల్ల ఎముకలు వంచిందో కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే వాన నీళ్లను పట్టుకోవడమే మనకు దేవుడు. కందకాలు తవ్వాలె, కుంట తవ్వాలె, ఎంత లోతు తవ్వితే అంత మంచిది. నా వీడియోల్లో పదిసార్లు ఇదే మాట ఉంటుంది. మూడేండ్ల కింద తీరం దిక్కున ఉన్న ఒక రైతు ఫోన్ చేసి అడిగితే ఆయనకూ అదే చెప్పిన. ఆయన పొలం చూడలేదు, మట్టి చూడలేదు. ఆయన ఎనిమిది అడుగులు తవ్వించిండు. వాన లేకుండానే రాత్రికి రాత్రి కుంటలో నీళ్లు ఊరినయి. ఇద్దరం సంబరపడ్డం. ఆ నీళ్లు నారుమడికి పెట్టినాక నారు కొసలు ఎండిపోయినయి. ఎండాకాలానికి దాదాపు ఎకరం మీద తెల్లగా ఉప్పు పేరింది. ఆయన నన్ను తిట్టలేదు. "మీరు చెప్పారు కదండీ, అందుకే తవ్వించానండి" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది.

అందుకే ఈ ఏడాది, నేను మా స్టోర్ కోసం దేశీ బియ్యం కొనే దివిసీమ తమ్ముడు వీడియో కాల్ చేసి, చిన్న గుంత గోడ చూపించినప్పుడు నా గుండె జల్లుమంది. పైన నల్లమట్టి రెండున్నర అడుగులు. దాని కింద బెత్తెడు మందంలో తెల్ల ఇసుక, మధ్యలో గవ్వ ముక్కలు. ఆ ఇసుక కింద మళ్లీ నల్లమట్టి. "ఇది సునామీ తెచ్చిన ఇసుకంటారా అన్నా? జేసీబీ రేపు పొద్దున్నే వస్తానన్నాడండి" అన్నాడు. "జేసీబీని ఆపు తమ్ముడూ, నేనే వస్తున్న" అని ఆ రాత్రికే బస్సు ఎక్కిన.

బస్సులో చదివింది, ఆ తర్వాత నెల రోజులు చదివింది కలిపి ఇక్కడ చెప్తున్నా. వీడియోలో ఇదంతా పట్టలేదు.

అగ్రికల్చర్ డిప్లొమాలో మాతోటి ఒక గుంత తవ్వించేవాళ్లు. గోడను చాకుతో చెక్కి, ఏ లోతులో ఏ రంగు, ఏ మట్టి అని రాసుకోవాలి. అప్పుడు మార్కుల కోసం రాసిన. పాత సునామీల జాడ పట్టే సైంటిస్టులు చేసేది కూడా మొదట ఇదే పని. నిదానంగా పారే నీళ్లు, నిలిచిన నీళ్లు సన్నటి ఒండ్రును మాత్రమే పరుస్తాయి, ఇసుకను మోసే బలం వాటికి ఉండదు. కాబట్టి ఒండ్రుకీ ఒండ్రుకీ మధ్య శుభ్రమైన ఇసుక పొర కనిపిస్తే, ఏదో ఒక రోజు బలమైన నీళ్లు వచ్చి పోయాయని అర్థం. వచ్చింది ఏటి నుంచా, సముద్రం నుంచా అనేది తర్వాత తేల్చుకోవాల్సిన ప్రశ్న.

2004 డిసెంబర్ 26 పొద్దున మన టైం 6 గంటల 29 నిమిషాలప్పుడు సుమత్రా దగ్గర సముద్రం కింద 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున భూమి పగిలింది. రెండున్నర గంటలు గడిచేసరికి అలలు మన తూర్పు తీరాన్ని తాకినయి. మొత్తం 14 దేశాల్లో రెండు లక్షల మందికి పైగా పోయారు. అప్పటిదాకా బంగాళాఖాతంలో ఇంత పెద్దది రాదనే ధీమా ఉండేది. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చినప్పుడు రేవుల్లో పెట్టిన ఆటుపోట్ల కొలమానాలు చిన్న అలలనే రాసుకున్నాయి. కాగితం మీద ఉన్న లెక్క నూరు, నూటయాభై ఏండ్లది. మట్టిలో ఉన్న లెక్కను అప్పటికి ఎవరూ తీసి చూడలేదు.

తీసి చూసింది థాయిలాండ్‌లో. ఫుకెట్‌కు ఉత్తరాన ఫ్రా థాంగ్ అనే దీవి ఉంది. అక్కడ ఇసుక దిబ్బలు వరుసగా ఉంటాయి, దిబ్బకూ దిబ్బకూ మధ్య పల్లం, ఆ పల్లంలో గడ్డి మురిగి తయారైన నల్లమట్టి. 2004 అల ఆ మట్టి మీద రెండు నుంచి ఎనిమిది అంగుళాల ఇసుక పరిచిపోయింది. చులాలాంగ్‌కార్న్ యూనివర్సిటీకి చెందిన క్రువావన్ జంకీవ్, అమెరికా భూగర్భ సర్వేకు చెందిన బ్రయన్ అట్వాటర్, వాళ్ల తోటివాళ్లు అక్కడ 150కి పైగా చోట్ల తవ్వి చూశారు. పైన 2004 ఇసుక. దాని కింద నల్లమట్టి. దాని కింద అచ్చం అలాంటిదే ఇంకో తెల్ల ఇసుక. మళ్లీ నల్లమట్టి, మళ్లీ ఇసుక. ఆ రెండో ఇసుక కింది మట్టిలో దొరికిన చెట్టు బెరడు ముక్కలకు కార్బన్ పరీక్ష చేస్తే, ఆ ఇసుక వచ్చి 550 నుంచి 700 ఏండ్లు అయిందని తేలింది. అంటే మన దిక్కు కాకతీయుల చివరి రోజులు, లేదంటే ఆ తర్వాతి నూరేండ్లు. 2008 అక్టోబర్‌లో 'నేచర్' పత్రికలో ఇది వచ్చింది. అదే సంచికలో కాత్రిన్ మోనెకే బృందం సుమత్రా ఉత్తరాన, మ్యూలాబో దగ్గర తీరంలో చూసిన పొరల లెక్క వేసింది. 2004 కింద రెండు ఇసుక పొరలు: ఒకటి 1290 నుంచి 1400 మధ్యది, ఇంకోటి 780 నుంచి 990 మధ్యది. రెండు దేశాల్లో, వేరువేరు మనుషులు తవ్వితే, లెక్క దగ్గర దగ్గరకు వచ్చింది.

ఆరు వందల ఏండ్లంటే పాతిక తరాలు. అంత దూరం ఏ అవ్వ కథ అందుతుంది? నూరేండ్లయితే అందుతుంది. సుమత్రా పక్కన సిమెలూ దీవిలో 1907లో సునామీ వచ్చింది. భూమి గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి పోతే గుట్ట ఎక్కాలని అక్కడి పెద్దలు పిల్లలకు చెప్తూనే వచ్చారు. వాళ్ల భాషలో దాన్ని 'స్మోంగ్' అంటారు. 2004లో సుమారు 78 వేల మంది ఉన్న ఆ దీవిలో పోయింది ఏడుగురే.

మన ప్రకృతి వ్యవసాయపోళ్లకు బాగా నచ్చే ముచ్చట ఇంకోటి ఉంది. సుమత్రాలోనే ఆచే తీరంలో ఒక గుహ ఉంది. గుమ్మం కాస్త ఎత్తుగా ఉండడం వల్ల మామూలు అలలు, తుఫాను అలలు లోపలికి రావు. సునామీ వస్తేనే ఇసుక లోపల పడుతుంది. తర్వాత ఏండ్ల తరబడి గబ్బిలాల పెంట ఆ ఇసుకను కప్పుతుంది. మళ్లీ సునామీ, మళ్లీ ఇసుక, మళ్లీ పెంట. మనం ఎరువుగా బస్తాల్లో తెచ్చుకునే గబ్బిలాల పెంటే అక్కడ క్యాలెండర్ అయింది. చార్లెస్ రూబిన్ బృందం 2017లో చెప్పిన లెక్క ప్రకారం, 7,400 ఏండ్ల నుంచి 2,900 ఏండ్ల కిందటి దాకా కనీసం 11 సునామీలు ఆ గుహలోకి వచ్చినయి. వాటి మధ్య దూరం ఒక తీరుగా లేదు. ఒకసారి రెండు వేల ఏండ్లకు పైగా ఏమీ రాలేదు, ఇంకోసారి ఒక్క వందేండ్ల లోపలే నాలుగు వచ్చినయి. "ఇప్పుడే వచ్చి పోయింది కదా, ఇంకో ఐదొందల ఏండ్లు ఫికర్ లేదు" అనుకోవడానికి లేదన్నమాట.

జపాన్ సంగతి రైతుగా నన్ను ఎక్కువ కదిలించింది, ఎందుకంటే అక్కడ పొరలు దొరికింది వరి పొలాల కింద. సెందాయ్ మైదానంలో దమ్ము చేసే మట్టి కింద ఒక బూడిద పొర ఉంటుంది, 915లో తొవాడా అగ్నిపర్వతం పేలినప్పటిది. దానికి కాస్త కింద సముద్రపు ఇసుక. 869లో జోగాన్ కాలంలో సముద్రం ఊరి మీద పడి వెయ్యి మంది పోయారని వాళ్ల పాత రాజ చరిత్రలో రాసి ఉంది. ఆ రాత, ఈ ఇసుక సరిగ్గా కలిసినయి. ఆ ఇసుక తీరం నుంచి మూడు, నాలుగు కిలోమీటర్ల లోపలిదాకా ఉందని తేలింది. 2009లో ఒక ప్రభుత్వ కమిటీ సమావేశంలో యుకినోబు ఒకామురా అనే శాస్త్రవేత్త, ఫుకుషిమా అణు కేంద్రం విషయంలో ఈ జోగాన్ సునామీని లెక్కలోకి తీసుకోవాలని అడిగాడు. 2011 మార్చి 11న అల వచ్చింది. అదే సెందాయ్ మైదానంలో, ఆ పక్క జిల్లాల్లో కలిపి 20 వేల హెక్టార్లకు పైగా సాగు భూమి ఉప్పు నీళ్లలో మునిగింది. అణు కేంద్రం సంగతి ప్రపంచానికంతా తెలుసు.

మన పక్కనే మహాబలిపురంలో కూడా ఇలాంటి తవ్వకాలు జరిగినయి. సి.పి. రాజేంద్రన్, కుశల రాజేంద్రన్ బృందం అక్కడ తీరం లోపల సుమారు వెయ్యి ఏండ్ల కింద సముద్రం పొంగి వచ్చిన జాడల్ని 2006లో రాసింది.

ఇక దివిసీమ గుంతకు వద్దాం. తమ్ముడి ప్రశ్న ఒక్కటే: ఇది సునామీయా? గుంత గోడ మీద చూడాల్సినవి ఉన్నాయి. మొదటిది, ఇసుక అడుగు గీత కత్తితో కోసినట్టు ఉండాలి, అందులో కింది నల్లమట్టి పెళ్లలు చిక్కుకుని ఉంటే ఇంకా మంచిది, వచ్చిన నీళ్లు నేలను పెళ్లగించినట్టు. మనం చేసే సీసా పరీక్ష గుర్తు చేసుకోండి. మట్టి, నీళ్లు సీసాలో కలిపి ఊపి పెడితే ముందు గరుకు ఇసుక దిగుతుంది, తర్వాత సన్న ఇసుక, చివరికి బంక. సునామీ అల ఒక్కోటి పది, ఇరవై నిమిషాలు లోపలికి తోస్తూనే ఉండి, తర్వాత నెమ్మదిస్తుంది కాబట్టి పొర కూడా సీసాలో లాగానే పడుతుంది: కింద గరుకు, పైన సన్నం. తుఫాను ఉప్పెనలో అలలు గంటల తరబడి కొట్టుకుంటూ ఉంటాయి. అందుకే చాలా సన్నటి గీతలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఇసుక ఎక్కువగా ఒడ్డు దగ్గరే కుప్పపడుతుంది. మైక్రోస్కోపు కింద సముద్రంలో బతికే ఫొరామినిఫెరా, డయాటమ్‌ల పెంకులు కనిపిస్తే, నీళ్లు ఏటివి కావు, కడలివి అని తేలుతుంది.

చెప్పడం సులువు. ఈ రెండింటినీ విడదీయడంలో పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే వాదులాడుకుంటారు. దివిసీమలో అయితే మరీ కష్టం. 1977 నవంబర్ 19 ఉప్పెన అక్కడ పది వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. 1864లో మచిలీపట్నం, 1839లో కోరంగి, అన్నీ తుఫాను ఉప్పెనలే. పైగా కృష్ణ వరదలు ఇసుక తెస్తాయి, కాలవలు దారి మార్చుకుంటాయి, డెల్టా సముద్రంలోకి పెరుగుతూనే ఉంటుంది. మన తెలుగులో ఉప్పెన అనే ఒక్క మాటే అన్నిటికీ సరిపోయింది, 'సునామీ' అనే మాట ఇంటింటికీ వచ్చింది 2004లోనే.

ఇంకో చిక్కు మన వల్లే. దున్నకం, దమ్ము పై పొరలన్నిటినీ కలిపేస్తాయి. వానపాములు, పీతలు కూడా అంతే. ఒక అంగుళం ఇసుక పొరను వానపాములు కొన్నేండ్లలోనే పైకీ కిందికీ తిప్పి మాయం చేస్తాయి. మనం ప్రాణంగా చూసుకునే వానపాము ఈ సైంటిస్టులకు సాక్ష్యం చెరిపే దొంగ! అందుకే వాళ్లు దున్నని, గాలి ఆడని బురద పల్లాల్లోనే వెతుకుతారు.

మేం ఆ రోజు ఒడ్డు దిక్కు నుంచి లోపలికి ఒకే వరుసలో ఇంకో నాలుగు గుంతలు పారతోనే తవ్వినం. ఇసుక పొర ఒడ్డు దిక్కు గుంతలో జానెడు, లోపలికి పోయేకొద్దీ సన్నబడి, ఆఖరి గుంతలో వేలెడు కూడా లేదు. సముద్రం దిక్కు నుంచి వచ్చినట్టే ఉంది. సునామీ అని ముద్ర వేయడానికి మాత్రం అది చాలదు. తమ్ముడికి అదే చెప్పిన. ఆయన కాస్త నిరాశపడ్డాడు, వీడియోకు మంచి హెడ్డింగ్ పోయిందని నేనూ కాస్త నిరాశపడ్డ. అబద్ధమెందుకు.

కానీ మేం టీ తాగి వచ్చేలోపు అసలు విషయం ఆ గుంతే చూపించింది. ఇసుక పొరలోంచి మాత్రమే నీళ్లు కారుతున్నయి, పై నల్లమట్టి గోడ పొడిగా ఉంది. నా ఈసీ మీటర్ పెడితే కాలవ నీళ్లు 0.6, గుంతలో ఊరిన నీళ్లు 9 చూపించినయి. సాగుకు పెట్టే నీళ్లు 3 దాటితేనే తిప్పలు. వరికి మట్టిలో ఉప్పు 3 దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, నారు దశలో, పూత దశలో ఇంకా సుకుమారం. ఎప్పుడో సముద్రం పరిచిన ఇసుక, ఇప్పటికీ ఉప్పు నీళ్లకు పైపులా పనిచేస్తోంది. దాని మీద ఉన్న రెండున్నర అడుగుల బంకమట్టే మూత. మూడేండ్ల కింద ఇంకో రైతు పొలంలో నేను ఫోన్‌లో చెప్పి పగలగొట్టించింది ఆ మూతనే.

అక్కడి పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో 'దొరువు' అంటారు, చూసే ఉంటారు. లోతు తక్కువ గుంత. ఉప్పు నీళ్ల మీద మంచి నీళ్లు బరువు తక్కువ కాబట్టి మీగడలాగా తేలుతాయి. దొరువు ఆ మీగడనే తీస్తుంది. సముద్ర మట్టం కన్నా మంచి నీళ్లు ఒక అడుగు ఎత్తు ఉంటే, కింద సుమారు 40 అడుగుల దాకా ఉప్పు నీళ్లను అదిమి పెడతాయని ఒక లెక్క ఉంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి వస్తుంది. బాపట్లలోని ఉప్పు నీళ్ల పరిశోధన కేంద్రం ఈ దొరువులకే గొట్టాలు అడ్డంగా వేసి మెరుగుపరిచింది. మన చెలకల్లో లోతు లాభం, అక్కడ లోతు నష్టం.

తమ్ముడు జేసీబీకి వేరే పని చెప్పాడు. అడుగున్నర కన్నా లోతు పోకుండా, ఆ మట్టితోనే చుట్టూ కట్ట లేపి నీళ్లు నేల మీదే నిలిపే కుంట కట్టాడు. తవ్విన ఐదు గుంతలనూ వచ్చిన వరుసలోనే పూడ్చినం: కింది మట్టి కింద, ఇసుక ఇసుక జాగాలో, పైన బంకమట్టి పొరలు పొరలుగా తడిపి, తొక్కి. అదేం చాదస్తం అని ట్రాక్టర్ డ్రైవర్ నవ్వాడు.

ఉప్పు పేరిన పొలం మళ్లీ దారికి వస్తుందా అని మీరు అడుగుతారు. నాగపట్నంలో వచ్చింది. సునామీ తర్వాత నమ్మాళ్వార్, ఆయనతో ఉన్న సేంద్రియ రైతులు అక్కడి పొలాల్లో కట్టలు వేసి వాన నీళ్లు నిలిపి, జీలుగు చల్లి, పూతకు రాకముందే కలియదున్ని, ఉప్పును తట్టుకునే దేశీ వరి రకాలు వేయించారు. 2005లో వానలు కూడా దండిగా కురిసి ఉప్పును కడిగినయి. అక్కడ అల ఒక్కసారి వచ్చి పోయింది కాబట్టి కడిగితే పోయింది. మనం తవ్వి తెరిచిన గుంతలోంచి అయితే ఉప్పు రోజూ వస్తూనే ఉంటుంది. ముందు ఆ నోరు మూయాలి, తర్వాతే జీలుగైనా, జీవామృతమైనా. ఘన జీవామృతం వేస్తే ఉప్పు మాయమైపోతుందని ఎవరన్నా చెప్తే నమ్మకండి, నేను చెప్పినా సరే. ఉప్పును బయటికి తీసుకుపోయేది మంచి నీళ్లే. మనం వేసేది మట్టిని గుల్లగా చేసి ఆ నీళ్లకు దారి ఇస్తుంది.

సునామీ హెచ్చరికల కేంద్రం మన హైదరాబాద్ ప్రగతినగర్‌లోనే, ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి నడుస్తోంది. తీరం రైతులు ఆ హెచ్చరికలు ఫోన్లకు వచ్చేలా పెట్టుకోండి. రెండు గంటల టైం దొరికినా మనుషులు, పశువులు బతుకుతాయి.

దివిసీమ నుంచి తిరిగొచ్చే దారిలో ఆ మొదటి రైతు దగ్గరికి పోయిన. మూడేండ్ల తర్వాత మొదటిసారి ఆయన పొలం కళ్లతో చూసిన. ఎనిమిది అడుగుల కుంట గోడకు, నాలుగు అడుగుల కింద అదే తెల్ల ఇసుక. జేసీబీ ఖర్చు సగం నేను పెట్టుకుంటా అంటే ఆయన ముందు వద్దన్నారు, తర్వాత ఒప్పుకున్నారు. చెరువు బంకమట్టి తోలించి, ఇసుక పొర పైదాకా తొక్కించి మూసినం. చుట్టూ ఎకరానికి కట్ట వేసి, తొలకరికి చల్లడానికి 15 కిలోల జీలుగు విత్తనాలు ఇచ్చి వచ్చిన. మట్టి నమూనాలు ఐదు చోట్ల తీసి పెట్టుకున్నం. వానలు అయిపోయాక అవే ఐదు చోట్ల మళ్లీ తీసి, రెండింటినీ మీటర్ పక్కన పెట్టి వీడియోలో చూపిస్తా. ఉప్పు తగ్గకపోతే అది కూడా చూపిస్తా.